మీ తాత పాటల గదిల మూడో కుర్చీ

నేను దయ్యాలను నమ్మేదాన్ని కాదు బిడ్డా. ఇప్పుడు గుడ నమ్ముతనని చెప్పలేను. సూర్యాపేటల మా తల్లిగారింటెనక బొందలగడ్డ ఉండేది. చిన్నప్పుడు మా నాయినకు సద్దిగిన్నె పట్టుకొని ఆ గడ్డ నడుమ నుంచే పోయేదాన్ని. సమాధి మీద కూసోని చింతకాయ తిన్న రోజులున్నయి. ఒక్క దయ్యమన్న నన్ను పలకరియ్యలె.

అందుకే ఇది దయ్యం కథ లెక్క చెప్తలేను. సూసింది సూసినట్టు చెప్తున్న. మొన్న ఫోన్ల బబ్లూ అడిగిండు కదా, "తాత గదిల మీ ఇద్దరికి రెండు కుర్చీలు సాలు కదా అమ్మమ్మా, మూడోది ఎవరిది? దాని మీద నా బ్యాగు పెడ్తే ఎందుకట్ల కోపం చేసినవ్?" అని. అప్పుడు మాట దాటేసిన. మీరు పుణె నుంచి మళ్ల ఎప్పుడొస్తరో ఏమో. జర ఓపిక చేసుకొని ఇనుండ్రి.

ముందుగాల ఒక ముచ్చట తెల్వాలె. నేను మీ తాతకు రెండో భార్యను. మీ అమ్మకు తెలుసు, మీకు ఎవరూ చెప్పలేదనుకుంట. మొదటామె పేరు కమల. కోదాడ ఆమె. పెండ్లయిన రెండేండ్లకే జ్వరమొచ్చి పోయింది, పిల్లలు లేరు. తర్వాత నన్ను చేసుకున్నడు. ఆమెను నేను సూడనే లేదు. ఇంట్ల ఒక ఫోటో గుడ లేకుండె.

ఫోటో లేకున్నా ఆమె లేని రోజు లేదు. మా దిక్కు రెండో పెండ్లామంటే ఒక పద్ధతి ఉంటది. మెడల పుస్తెలతోటి ఇంకొక చిన్న బిళ్ల గుచ్చుకోవాలె, అది పోయినామె పేరు మీద. కొత్త చీర తెస్తే ముందు పీట మీద పెట్టి, పసుపు కుంకుమ వేసి, ఆమెకు మొక్కి, ఆ తర్వాత నేను కట్టుకోవాలె. గాజులైనా గంతే, రైక గుడ్డయినా గంతే. ఆమెను అక్కా అని పిలవాలె. ఆమె తల్లిగారోళ్లకు నేను బిడ్డనైత. కోదాడకు పోతే నాకు ఒడిబియ్యం పోసెటోళ్లు. ప్రేమగనే సూసెటోళ్లు, అబద్ధం చెప్పొద్దు. ఆ ఇంటి ముసలమ్మ ఒకోసారి నన్ను "కమలా" అని పిలిచేది. పలికేదాన్ని.

కానీ లోపల కుళ్లు ఉండేది బిడ్డా. ఒక్క చీర గుడ నాకు కొత్తగ రాలె. మడత ఇప్పకముందే ఎవరో కట్టి విడిచినట్టు అనిపించేది. కనపడే మనిషైతే కొట్లాడుదును. కనపడని మనిషితోటి ఎట్ల కొట్లాడుతం?

మీ తాతది మిర్యాలగూడల మైకుసెట్టు దుకాణం. పెండ్లికి పెట్టెలు కావాలన్నా, జాతరకు మైకు కావాలన్నా, రైసుమిల్లు పూజకు పాటలు కావాలన్నా ఆయన దగ్గరికే వచ్చెటోళ్లు. పెండ్లిళ్ల కాలమొస్తే మనిషి ఇంట్ల ఉండడు. ఊరోళ్ల పెండ్లిళ్లన్నిట్ల ఉంటడు, నా పక్కన కూసోని చాయ్ తాగే తీరిక మాత్రం ఉండదు. అట్లనే ఏండ్లు గడిచినయి. మీ అమ్మ పెండ్లి గుడ అయింది.

తర్వాత డీజేలు వచ్చినయి. గుండెలదిరే ఆ పెద్ద పెట్టెల ముందు మీ తాత సెట్టు ఎవరికి కావాలె? రెండువేల ఆరుల దుకాణం బంద్ చేసిండు. సామానంతా అమ్మి, ఒక ఆంప్లిఫయరు, రెండు మంచి స్పీకర్లు మాత్రం ఇంటికి తెచ్చుకున్నడు. "ఇన్నేండ్లు మందికి వినిపిచ్చిన, ఇగ నేను వింట" అన్నడు. వెనక వడ్ల గది ఖాళీగనే ఉండె, పొలం కౌలుకిచ్చినం కదా. అదే పాటల గది చేస్తనన్నడు.

మొదటి రోజు పాట పెడితే ఆగమాగం. వట్టి గోడలు, వట్టి గచ్చు. చప్పట్లు కొడ్తే "టింగ్" అని ఎవరో తిరిగి కొట్టినట్టు వచ్చేది. పాట ఒకటే గాని వినేటప్పుడు ముగ్గురు నలుగురు మీద మీద పడి పాడినట్టుండె. మీ తాత తల పట్టుకున్నడు.

అప్పుడొచ్చిండు కోదాడ నుంచి సుదర్శనం మాస్టారు. ఆయన కమలకు అన్న. బడిల లెక్కల సారు, రిటైరయిండు. పాటల పిచ్చి ఆయనకూ ఉంది. వాళ్లది ఆంధ్ర పక్కనే కాబట్టి మాట కొంచెం వేరు. గుమ్మంల నుంచే, "ఏం చెల్లెమ్మా, బాగున్నావా? మా బావ ఇంకా ఆ పెట్టెలతోనే కుస్తీ పడుతున్నాడా?" అన్నడు.

"పెట్టెలతోటి కాదు అన్నా, గోడలతోటి పడ్తున్నడు" అన్న.

గది సూసి, చప్పట్లు కొట్టి, నవ్విండు. సప్పుడు గోడకు తాకి బంతి లెక్క తిన్నగ ఎనక్కొస్తుందట. దాన్ని చెదరగొట్టాలంట, పిడికెడు వడ్లు గచ్చు మీద ఇసిరితే నాలుగు దిక్కులకు పోయినట్టు. దానికి డిఫ్యూజర్లు అని ఉంటయంట. కొనాల్సిన పని లేదు, చెక్కతోటి ఇంట్లనే చేసుకోవచ్చన్నడు. ఒక పెద్ద పలక మీద పొట్టియి, పొడుగుయి చెక్క దిమ్మెలు పక్కపక్కన అతికించుడే. కానీ ఏది పొట్టి ఉండాలె, ఏది పొడుగు ఉండాలె అన్నదానికి లెక్క ఉంది. సున్నా నుంచి లెక్కపెట్టి, వరుస నంబరును అదే నంబరుతోటి గుణించి, ఏడుతోటి భాగిస్తే మిగిలింది ఎంతో, దిమ్మె అన్ని అంగుళాలు. సున్నా, ఒకటి, నాలుగు, రెండు, రెండు, నాలుగు, ఒకటి. మళ్ల మొదటికి. నాకు ఇప్పటికీ నోటికొస్తది.

పోయేటప్పుడు చెప్పులు తొడుక్కుంట ఒక మాట అన్నడు. "మా కమల ఉంటే ఎంత సంబరపడేదో. రేడియో పక్క నుంచి లేచేది కాదు." నాకు పాటలంటే అంత తెల్వదు కదా. ఏది మంచి రాగమో, ఏది కాదో నాకేం తెలుసు? ఆమెకు తెలుసునట. గది మొదలు గుడ పెట్టలె, ఆమె గుమ్మం దాకా వచ్చి కూసున్నది.

నేను గుడ పంతం పట్టిన. లెక్క వాళ్లింటిదైతే చెక్క మా ఇంటిది కావాలని. సూర్యాపేటల మా తమ్ముడు కట్టెల కోత మిషన్ల పని చేసేది. వానికి చెప్పి మిగిలిన టేకు ముక్కలు, వేప ముక్కలు సంచులల్ల నింపిచ్చి బస్సు మీద తెప్పిచ్చిన. మీ తాత కోస్తుంటే నేను గరుకు కాయితం పెట్టి రుద్దేదాన్ని. బొటనవేలు తోలు లేచిపోయింది. ఆయన బంక పూస్తే నేను దిమ్మె పెట్టేది. "నాలుగు" అంటే నాలుగంగుళాలది అందియ్యాలె. ఒకసారి రెండుది అందిస్తే, "ఏడుతోటి భాగించుడు రాని మనిషిని చేసుకున్న" అన్నడు. "భాగించుడు వచ్చినామెను ముందే చేసుకుంటివి గదా" అన్న. నవ్విండు. నేను గుడ నవ్విన. కానీ ఊకనే అన్న మాట కాదది.

ఆ నెలలే నా సంసారంల బంగారు నెలలు పిల్లలూ. పొద్దంతా ఒక్కతాననే కూసోని పని చేసినం. ఒకరోజు అడిగిన, "ఇంత కష్టమెందుకయ్యా, స్పీకర్ల ముందట కూసోని వినరాదా?" అని. అప్పుడు చెప్పిండు. వట్టి గదిల ఒక్క జాగల కూసున్నోనికే పాట సక్కగ వినపడ్తదంట. పక్కకు జరిగితే పాడయితదంట. ఈ పలకలు పెడ్తే సప్పుడు గదంతా సమంగ పరుచుకుంటది, పక్కన కూసున్నోళ్లకు గుడ అంతే మంచిగ వినపడ్తది.

"పక్కన ఎవరు కూసుంటరు?" అన్న.

"నువ్వే. ఇంకెవరు?"

నాకు ఆ రోజు అన్నం సయించలె, సంతోషానికి. సైకిల్ మీద పేము కుర్చీలు అమ్మెటాయన వస్తే రెండు కొన్నం. ఆయనకొకటి, నాకొకటి. నా కుర్చీ నేనే ఎంచుకున్న.

పలకలు గోడలకు ఎక్కిచ్చినంక మీ తాత పెద్దక్క వచ్చింది, తుంగతుర్తి నుంచి. నాకు వదినె. గది సూసింది, పలకలు సూసింది, "ఏందివి, పావురాల గూళ్లా?" అన్నది. తర్వాత నన్ను వంటింట్లకు తీసుకపోయి మెల్లగ అడిగింది.

"శాంతా, కొత్త గది చేసుకుంటివి. అక్కకు రైక గుడ్డ పెట్టినవా?"

"లేదు వదినె."

"గాజులు?"

"లేదు."

"ఇంత గుండె ఎప్పుడొచ్చిందే నీకు?"

"అన్నీ ముందు ఆమెకే పెట్టిన వదినె. ఇదొక్కటి నాది. ఇది పెట్ట."

"నీదేందే? ఈ ఇంటికి ముందొచ్చిందెవరు?"

ఆ మాట మీ తాత విన్నడు. గుమ్మంల నిలబడి, "అక్కా, గదిల బట్టలు గిట్ల పెట్టొద్దు. బట్ట సప్పుడు తాగుతది" అన్నడు. వదినెకు అర్థం కాలె. "నీ సప్పుడు పాడుగాను" అని తిట్టి పొద్దున బస్సుకు పోయింది. నేను గెలిచిననుకున్న.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని మంచిగ మనసు పెట్టి ఇనుండ్రి.

మీ తాత చెవులను నమ్ముతడు గాని కొలవకుండ ఊకోడు. పాత ఆంప్లిఫయర్ల ఉండే ముల్లు మీటరు ఒకటి ఊడదీసి, మైకుకు తగిలిచ్చి, ఎంత సప్పుడుంటే ముల్లు అంత లేచేటట్టు చేసిండు. రెండు కుర్చీల నడుమ మైకు నిలబెట్టిండు. రేడియో ఏ స్టేషను రాని జాగల పెడ్తే "శ్శ్..." అని వాన పడ్డట్టు సప్పుడొస్తది కదా, అది స్పీకర్లల్ల పెట్టిండు. ఆ సప్పుడు పెరగదు, తగ్గదు. ముల్లు ఒక్కతాన నిలబడ్తది.

మనిషి వచ్చి కుర్చీల కూసుంటే, మనిషి ఒళ్లు, బట్టలు కొంత సప్పుడును తాగుతయి. ముల్లు ఒక గీత కిందికి దిగుతది. లేస్తే మళ్ల గీత ఎక్కుతది. ఆయన కుర్చీల ఆయన కూసున్నడు, దిగింది. లేచిండు, ఎక్కింది. నాకు గమ్మతనిపిచ్చింది.

"నువ్వు కూసో" అన్నడు.

కూసున్న. ముల్లు కదల్లె.

"సక్కగ కూసో."

సక్కగనే కూసున్న. లేచి మళ్ల కూసున్న. ముల్లు అట్లనే ఉన్నది, నేను గదిల లేనట్టే.

నవ్వుతరేమో గాని, నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నా లెక్కనే లేదా అనిపిచ్చింది. ఆయన ఏమనుకున్నడో, "నా దాంట్ల కూసో" అన్నడు. ఆయన కుర్చీల కూసున్న. ముల్లు టక్కున దిగింది. అంటే లోపం నా ఒంట్ల లేదు. నా కుర్చీల ఉన్నది.

ఆయన నా కుర్చీల కూసుంటే గుడ ముల్లు దిగలె. కుర్చీ పాడేమోనని రెండు కుర్చీలను అటుదిటు మార్చిండు. కుర్చీ మారినా జాగ మారలె. నా జాగల ఏ కుర్చీ పెట్టినా, ఎవరు కూసున్నా ముల్లు ఉలకదు పలకదు. ఆఖరికి నా కుర్చీ గది బయట పెట్టిండు. అప్పుడు సూడుండ్రి, ముల్లు ఒక గీత పైకి పోయింది. ఒక మనిషి లేచిపోతే ఎంత ఎక్కాల్నో అంత. పేము కుర్చీ, అంతా కంతలే. అది ఏం సప్పుడు తాగుతది? ఆయన కుర్చీ బయట పెడ్తే ముల్లు ఎంట్రుకంత గుడ కదల్లె. నా కుర్చీ తెచ్చి లోపల పెట్టంగనే మళ్ల దిగింది.

ఖాళీ కుర్చీ బిడ్డా. అండ్ల మనిషున్నట్టు చూపెడ్తుంది.

మీ తాత మీటరు బంద్ చేసి, "పలకలల్ల ఏదో తప్పు పోయింది" అని ఆ పక్క గోడ పలక ఊడదీసిండు. దిమ్మెలన్నీ మళ్ల కొలిసిండు. అన్నీ సక్కగనే ఉన్నయి. మళ్ల ఎక్కిచ్చిండు. మళ్ల అదే.

సుదర్శనం మాస్టారును పిలిపిచ్చినం. ఆయన లెక్క సూసిండు, కిటికీ మూసి సూసిండు, తలుపు తెరిచి సూసిండు. తర్వాత నా కుర్చీల తనే కూసున్నడు. ముల్లు దిగలె. "గోడలో తేమ ఉండి ఉంటుంది బావా" అన్నడు. లేచేటప్పుడు కుర్చీ ఎనక పట్టె మీద చెయ్యి పెట్టిండు, చిన్నపిల్ల తల మీద పెట్టినట్టు. నేను సూసిన. చాయ్ పెట్టిన గాని తాగకుండనే కోదాడ బస్సుకు పోయిండు.

ఆయన ఆ పేరు చెప్పలె. మీ తాత చెప్పలె. నేను చెప్పలె. ముగ్గురికీ తెలుసు ఎవరి పేరో.

ఇగ నా బాధ ఎట్లుండెనో మీకు చెప్తే అర్థమైతదో లేదో. భయం కాదు. ఒక్క వెంట్రుక గుడ నిక్కపొడుసుకోలె. మంట, కడుపు మంట. నా వేలి తోలు పోయేటట్టు రుద్దిన చెక్కలు. మా తమ్ముడు పంపిన చెక్కలు. నా కుర్చీ. పాటలు తెలిసినామె వచ్చి నిమ్మలంగ కూసున్నది.

దానికి తోడు మీ తాత సాయంత్రాలు ఆ గదిల ఎక్కువసేపు ఉండుడు మొదలువెట్టిండు. నేను ఆ కుర్చీల కూసోనని పోకపోయేది. ఆయన ఒక్కడే కూసునేది, పక్కన ఖాళీ కుర్చీ. వంటింట్ల నుంచి సూస్తే తలుపు సందుల కనపడేది. పాట అయిపోయినంక వెంటనే ఇంకోటి పెట్టకుండ జరసేపు ఊకున్నడంటే నా చేతుల గంటె ఆగిపోయేది. నాతోటి ఇన్నేండ్లల్ల అట్ల ఊకోని కూసున్న సాయంత్రం లేదు.

ఒకనాడు పట్టలేక తలుపు తీసి అడిగిన. "ఎవరితోటి ఇంటున్నవయ్యా?"

"నీతోటి ఇందామనే కదా చేసిన. నువ్వే రాకపోతివి."

"ఎట్ల రావాలె? నా కుర్చీ ఖాళీ లేదు కదా."

నవ్వుతడనుకున్న. నవ్వలె. "కొత్త గుమ్మం, ఎవరికి రాబుద్ధయితదో వాళ్లొస్తరు. నేనేం పిలవలె శాంతా" అన్నడు. పేరు పెట్టి పిలిచిండంటే నిజమే చెప్తున్నడన్నట్టు. కానీ పిలవలేదన్నడు గాని, పొమ్మన్ననని అనలె. ఆ రాత్రంతా అదే నా చెవులల్ల తిరిగింది.

వదినె ఫోన్ చేస్తే చెప్పిన. "నేను ఆనాడే చెప్పలేదా? ఆ కుర్చీ ఆమెకు ఇడిచిపెట్టు, దండం పెట్టి ఊకో" అన్నది.

ఇడిచిపెట్టుడా? చీరలు ఇచ్చిన, గాజులు ఇచ్చిన. మీ అమ్మ పుట్టినప్పుడు పురిటి స్నానం అయినంక నాకు పసుపు కుంకుమ పెట్టకముందు ఆమెకే పెట్టిన. ఈ కుర్చీ నేను ఇయ్య.

ఒక శుక్రవారం పొద్దున మీ తాత కూరగాయలకు పోయిండు. ఆ పేము కుర్చీలాయన సైకిల్ గంట వినపడ్డది. ఉరికిపోయి ఇంకొకటి కొన్న, అచ్చం అసొంటిదే. తలకు పోసుకొని, ఆ కుర్చీని గదిల పెట్టిన. నా పక్కన కాదు, ఆయనకు అటు పక్కన. దాని మీద ఒక రైక గుడ్డ, గాజులు, పసుపు కుంకుమ పెట్టిన. దండం పెట్టలె. నిలబడే మాట్లాడిన.

"అక్కా, ఇన్నేండ్లు నీకు పెట్టంది నేను ముట్టలె. ఈ గది గుడ నీది కావాలనుకుంటివి, సరే. ఇగో, ఇది నీ కుర్చీ. నువ్వు పాటలు తెలిసినదానివి, నాకు తెల్వయి, అది గుడ సరే. నాది మాత్రం నాకియ్యి."

భక్తితోటి పెట్టిన అనుకునేరు. భక్తి కాదు. నా కుర్చీ నాకు రావాలెనని పెట్టిన.

మీ తాత వచ్చిండు. కూరగాయల సంచి గుమ్మంలనే పెట్టి, మూడో కుర్చీ దిక్కు సూసిండు. రైక గుడ్డ, గాజులు తీసి కిటికీల పెట్టిండు, బట్ట సప్పుడు తాగిందని రేపు అనుమానం రావొద్దని. రేడియో పెట్టిండు, మీటరు పెట్టిండు. నా దిక్కు సూసి నా కుర్చీ చూపెట్టిండు.

కూసున్న. ముల్లు దిగింది.

లేచిన, ఎక్కింది. మళ్ల కూసున్న, దిగింది. నాకు ఎంత సంబరమంటే, చిన్నపిల్ల లెక్క లేసుకుంట కూసుంట. తర్వాత ఆయన మూడో కుర్చీల కూసోమన్నడు. కూసున్న. ముల్లు కదల్లె. వెంటనే లేచి పక్కకు జరిగిన, ఎవరి ఒళ్లనో కూసున్నట్టు సిగ్గయింది.

మీ తాత మీటరు బంద్ చేసి, మూడో కుర్చీని చేత్తోటి ఊపి సూసి, "గట్టిగనే ఉన్నది" అన్నడు. గంతే. ఏండ్ల ముచ్చట గంతే మాట్లాడుకున్నం మేము.

అప్పటి నుంచి ముగ్గురం కూసున్నట్టే. ఆయన నడుమ. నేను ఎడమ పక్క. పాటలు నాకు గుడ కొద్దికొద్దిగ తెలిసొచ్చినయి. మొదలు అన్నీ ఒక్కతీరే అనిపించేటియి, తర్వాత తర్వాత ఎక్కడ వేణువు లేస్తదో, ఎక్కడ తబలా ఆగుతదో పట్టుకునేదాన్ని. ఆయన సంతోషపడేది. మంచి సాయంత్రాలు. కానీ మంచి చరణం వచ్చినప్పుడు మీ తాత తల కుడి దిక్కు తిరిగిందంటే నాకు ఇంకా సురుక్కుమనేది. "ఎడమ దిక్కు గుడ మనిషున్నది" అనేదాన్ని. "ఎడమ చెవు మందగిచ్చింది, అందుకే" అనేటోడు. అబద్ధాల పుట్ట.

ఆయన ఉన్నప్పుడు మీరు వచ్చిన ఎండాకాలం బబ్లూ బ్యాగు పెట్టింది ఆ కుర్చీ మీదనే. నా కుర్చీల పెడ్తే ఏమనకపోదును. దాంట్ల పెడ్తే, ఆమె లేచొచ్చి మళ్ల నా దాంట్ల కూసుంటదేమోనని నా పరేషాన్.

రెండువేల పన్నెండుల మీ తాత పోయిండు. మీకు తెలుసు కదా. ఛాతిల నొప్పంటే సూర్యాపేట దవాఖానకు తీసుకపోయినం, రెండో నాటికి ఖతం. నడుమ ఒక్కసారి కండ్లు తెరిచి నన్ను సూసిండు. ఎడమ పక్కనే ఉన్న నేను.

దినాలయినంక సుట్టాలంతా పోయిండ్రు, మీ అమ్మ ఒక్కతే ఆగింది. ఒక మధ్యాహ్నం కరెంటు రాంగనే దాన్ని ఆ గదిలకు తీసుకపోయిన. సెట్టు పెట్టుడు నాకు వచ్చు. రేడియో పెట్టిన, మీటరు పెట్టిన. "ఏంది అమ్మా ఇది?" అంటే, "చెప్పినట్టు చెయ్యి" అన్న.

నాకు ఒకటే ఆశ. ఆయన కుర్చీల ఎవరు కూసున్నా ముల్లు కదలొద్దు. కదలకుంటే ఆయన ఉన్నట్టు. రోజూ పక్కన కూసోవచ్చు. ముందుపోయినామెకు ఆ జాగ దొరికింది కదా, ఆయనకు దొరకదా?

"నాన్న కుర్చీల కూసో" అన్న. కూసున్నది. ముల్లు దిగింది.

మళ్ల కూసోమన్న. మళ్ల దిగింది. ఖాళీ.

సరే అనుకున్న. గోడ పట్టుకొని నిలబడ్డ. తర్వాత ఏం బుద్ధి పుట్టిందో, "ఆ మూడోదాంట్ల కూసో" అన్న.

కూసున్నది. ముల్లు ఒక గీత దిగింది.

నేను నమ్మలె. లేపిన, కూసోబెట్టిన. లేపిన, నేనే కూసున్న. దిగుతనే ఉన్నది. ఆరేండ్లు ఎవరు కూసున్నా ఉలకని ముల్లు. కుర్చీ తీసి బయట పెట్టిన, ముల్లు కదల్లె. వట్టి పేము కుర్చీ.

అప్పుడు ఏడ్చిన బిడ్డా. దవాఖానల గుడ అంత ఏడువలె. మీ అమ్మకు మొత్తం చెప్పిన. అది నా తల నిమురుకుంట, "నాన్న పోయి ఇంకా నెల గాలె, ఈ వయసుల ఇదేం కుళ్లమ్మా నీకు" అన్నది. ఏడుపుల నవ్వొచ్చింది.

"కుళ్లు కాకేందే? ఇద్దరు కలిసే పోయిండ్రు సూడు" అన్న.

మీ నాన్న ఇంజనీరు కదా, తర్వాత వచ్చినప్పుడు అన్నీ సూసిండు. చెక్క ఎండుతది, వంగుతది, మైకు పాతదయితది, అట్ల ఏదో అయ్యుంటది అత్తమ్మా అన్నడు. అయ్యుండొచ్చు. అంత చదువుకున్నోడు ఊకనే అనడు. కానీ అన్నేండ్లు వంగని చెక్క ఆయన పోయిన నెలలనే ఎట్ల వంగిందని అడిగితే మీటరును మళ్ల ఒకసారి ఇప్పి సూసిండు.

నాకు గుడ తెల్వదు. రెండేండ్లాయె, ఎన్నితీర్ల ఆలోచన చేసినా తెగుతలేదు. గోడలు అవే, పలకలు అవే, కుర్చీలు అవే. దయ్యమని అందామంటే నోరు రాదు. ఏం కాదని అందామంటే నా కండ్లతోటి సూసిన.

రోజూ సాయంత్రం పోయి నా కుర్చీల కూసుంటున్న. ముల్లు దిగుతది, నేనున్ననని చెప్తది. పాట పెట్టుకుంట. మిగిలిన రెండు కుర్చీలకు దుమ్ము తుడుస్త.

ఒక్కటే రంది. ఆడ గుడ ఆయన ఏదో ఒక గది చేసే ఉంటడు, చేతులు ఊకుండయి కదా. నేను పోయేటాలకు ఆడ రెండే కుర్చీలు ఉంటయో, మూడోది ఎవరన్న తెచ్చి పెడ్తరో.